వీరవేణి గారి గిన్నె

ప్రపంచ దేశాల మధ్య వంటింటి మార్గాన స్నేహం నెలకొల్పే బాధ్యతను ఆ సంవత్సరం కొవ్వూరు బజారులోని ఎనిమిది ఇళ్ళు స్వీకరించాయి. ఈ సంగతి ప్రపంచ దేశాలకు తెలియజేసే ఏర్పాటు ఇంకా జరగలేదు. తీర్మానం మాత్రం కార్తీక వనభోజనాల నాడు, పనసపొట్టు కూర రెండో వడ్డనకీ మజ్జిగకీ మధ్యన, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

గోదావరి మీద రోడ్డు బ్రిడ్జి పడి అప్పటికి అయిదేళ్ళు. బస్సెక్కితే కాసేపట్లో రాజమండ్రి. అటువంటప్పుడు రష్యా, చైనా మాత్రం ఎంత దూరమని శ్రీమతి జగదాంబ గారు ప్రశ్నించారు. ఆవిడ ధాన్యం వర్తకులు గున్నేశ్వరరావు గారి ధర్మపత్ని. ఆవిడ ప్రశ్నలకు జవాబు చెప్పే అలవాటు ఆ వీధిలో ఎవరికీ లేదు గనుక, ఆవిడనే అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు.

సంఘానికి 'విశ్వవంటకాల గిన్నె మార్పిడి మహిళా సంఘం' అని పేరు. అందులో గిన్నె ఎందుకొచ్చిందో తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పక్కింటి నుంచి గిన్నెలో కూరో పచ్చడో వస్తే, ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏమీ లేకపోతే బెల్లం ముక్కైనా వేసి ఇవ్వాలి. ఖాళీ గిన్నె ఇచ్చిన ఇంటికి మంచిది కాదు. మన అమ్మమ్మల నాటి ఈ మర్యాదనే సంఘం వారు అంతర్జాతీయ స్థాయికి పెంచారు.

నియమాలు మూడు. ఏ గిన్నే ఖాళీగా తిరగరాదన్నది మొదటిది. గిన్నె స్టీలుదై, వండినావిడ పేరు దాని మీద కొట్టించి ఉండాలన్నది రెండోది. గిన్నె ఎనిమిది ఇళ్ళూ తిరగాలి, ప్రతి ఇల్లాలూ తినగలిగినంత తిని, తిన్న మేరకు తన ఇంటి సరుకుతో నింపి పై ఇంటికి పంపాలి, అభిప్రాయాన్ని కార్యదర్శికి చెప్పాలి అన్నది మూడోది. కార్యదర్శి రమాదేవి గారు బి.ఏ. రెండో సంవత్సరం దాకా చదివిన మనిషి. 'బాగుందండీ' అని ఎవరైనా అంటే దాన్ని 'రసనేంద్రియము పులకించినది' అని మార్చి మినిట్సు పుస్తకంలో రాసుకునేవారు.

ఇక విదేశీ వంటలు ఎక్కడ నేర్చుకోవాలన్నది ప్రశ్న. దీన్ని కిరాణా కొట్టు మల్లేశ్వరరావు గారు తీర్చారు, అదీ తనకు తెలియకుండానే. ఆయన పొట్లాలు కట్టడానికి పాత ఇంగ్లీషు వారపత్రికలు తూకానికి తెప్పించేవారు. వాటిలో వంటల పేజీలుండేవి. ఆయన భార్య సత్యలక్ష్మి వాటిని ఏరి దాచేది. అయితే కాగితాన్ని ముందే మధ్యకి చింపి కట్టకట్టి ఉంచడం ఆ కొట్టు ఆచారం. అందుచేత ప్రతి వంటకమూ సగమే దొరికేది. మిగతా సగం జీలకర్ర పొట్లమై ఎవరింటికో వెళ్ళిపోయేది. సంఘం వారు స్పెయిను వంటకం మొదలుపెట్టి, మధ్యలో కాగితం అయిపోగా, తమకు తెలిసిన ఉప్మాతో పూర్తి చేసిన సందర్భాలున్నాయి.

మార్గశిరంలో జరిగిన తొలి విడత దిగ్విజయమైంది. ఎవరూ ఏమీ తినలేదు. ప్రతి ఇల్లాలూ వచ్చిన గిన్నెలోంచి ఒక గరిటెడు తీసి దొడ్లో కుడితి గోలెంలో పోసి, ఒక గరిటెడు తన ఇంట్లోది చేర్చి పంపేసింది. ఆ నెల్లో కొవ్వూరు బజారు గేదెలు తిన్నన్ని దేశాల వంటలు ఏ రాయబారీ తిని ఉండడు. పాలు కొంచెం తగ్గాయని పాలవాళ్ళు అన్నారు గాని, సంఘం వారు దాన్ని పట్టించుకోలేదు. మినిట్సులో మాత్రం 'అమోఘము', 'అనిర్వచనీయము', 'నోట నిడిన తక్షణమే పారిస్ పట్టణము కనుల గట్టినది' అని ఉంది.

మలి విడత మాఘంలో, అమావాస్య వెళ్ళిన మర్నాడు మొదలైంది. తొలి వంటకం సత్యలక్ష్మిది. ఆమెకి దొరికిన సగం కాగితంలో ఇటలీ వారి పుడ్డింగు ఉంది. లేడీస్ ఫింగర్స్‌ని చిక్కటి కాఫీలో ముంచి, వరసగా పేర్చి, మీద మీగడ పరచాలని స్పష్టంగా రాసి ఉంది. అవి ఒకరకం బిస్కత్తులని చూపించే బొమ్మ రెండో సగంలో ఉండిపోయింది. సత్యలక్ష్మి ఇంగ్లీషు రాని మనిషి కాదు. లేడీస్ ఫింగర్ అంటే బెండకాయ అని ఆమె బళ్ళోనే చదువుకుంది. అరకిలో లేత బెండకాయలు తెప్పించి, ఫిల్టరు డికాషన్‌లో ముంచి, పంచదార చల్లి, మీగడ కప్పింది. ఇటలీ వాళ్ళు ఇంత ఇబ్బందుల్లో ఉన్నారని ఆమెకి అప్పుడే తెలిసింది. జాలి కూడా కలిగింది.

వంటకం సిద్ధమయ్యాక చూసుకుంటే గిన్నె లేదు. ఆమె పేరున్న నాలుగు గిన్నెలూ తొలి విడతలో వెళ్ళినవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పెరటి అరుగు మీద మాత్రం ఒక కొత్త స్టీలు గిన్నె తళతళలాడుతోంది. అది వీరవేణిది.

వీరవేణి గోదారి గట్టున వలలవాళ్ళ పేటలో ఉంటుంది. మొగుడు చేపలు పడితే ఆమె గంపలో పెట్టుకుని అమ్ముతుంది. బజారు వీధిలో చేపలు తినేవాళ్ళు లేరు గనుక అక్కడికి సరుకులకే వస్తుంది. ఆ ఉదయం బాలింత కూతురికి కాస్త పాత చింతకాయ పచ్చడి పెట్టమని అడిగి, గిన్నె అరుగు మీద ఉంచి వెళ్ళింది. సాయంత్రం ఇస్తాలే అంది సత్యలక్ష్మి.

ఆ గిన్నె చరిత్ర కూడా చెప్పాలి. పాత బట్టలకి స్టీలు సామాను ఇచ్చేవాడికి మూడు చీరలు పోసి వీరవేణి దాన్ని సంపాదించింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా నాలుగక్షరాలు కొట్టించింది. రేషను కార్డు మొగుడి పేరున ఉంది, పడవ మామగారి పేరున ఉంది. ఆమె పేరంటూ ఈ లోకంలో రాసి ఉన్నది ఆ గిన్నె మీదే. చదువు రాదు గనుక దాన్ని వేలితో తడిమి చదువుకునేది. మనవరాలు పుడితే ఆ పిల్లకీ తన పేరే పెట్టారు. మాఘ పౌర్ణమికి పిల్ల అన్నప్రాశన. ఆ గిన్నెలోనే, ఆ పేరు మీదుగానే, పిల్ల నోటికి పరమాన్నం అందించాలని ఆమె ముచ్చట.

ఇదంతా సత్యలక్ష్మికి తెలుసు. పౌర్ణమికి ఇంకా చాలా రోజులున్నాయి, ఒక్క విడతేగా అనుకుంది. చింతపండుతో ఏడుసార్లు తోమింది. గిన్నె మీద పేర్లు ఎవరు చదువుతారులే అని ధైర్యం చెప్పుకుని, ఇటలీ అని చీటీ పెట్టి పంపేసింది.

రెండో ఇల్లు రమాదేవి గారిది కావడం విధి. కంటపడ్డ అక్షరాన్ని చదవకుండా వదిలిపెట్టడం ఆవిడకి చేతకాదు. 'వీరవేణి' అని చదివి ఆలోచనలో పడ్డారు. గిన్నె సత్యలక్ష్మి ఇంటి మీదుగా వచ్చింది గాని, నియమం ప్రకారం వండినావిడ పేరే దాని మీద ఉండాలి. బజారులో ఆ పేరు గలవాళ్ళు లేరు. కాలవల శాఖకి కొత్త ఇంజనీరు గారు వచ్చారని వారం కిందట విన్నారు. ఇంజనీరు గారికి భార్య ఉండి తీరాలి, ఆ భార్యకి ఒక పేరు ఉండి తీరాలి. తర్కం ప్రకారం ఇంక తేలవలసింది ఏమీ లేదు. 'నూతన సభ్యురాలు, ఇంజనీరు గారి సతీమణి శ్రీమతి వీరవేణి గారి వంటకము అందినది' అని మినిట్సు రాసుకున్నారు.

మర్నాడు ఈ మాట విని సత్యలక్ష్మి నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. ఈలోపల రమాదేవి గారు, "ఎంతైనా ఆఫీసర్ల ఇళ్ళ వంట వేరు కదండీ వదినగారూ, చూస్తేనే తెలిసిపోతోంది" అన్నారు. తెరిచిన నోటితో సత్యలక్ష్మి ఆవులించి ఊరుకుంది. ఆ క్షణం నుంచి ఆమె పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా తయారైంది.

నోట్లో నువ్వుగింజ నానని వీధి కదా. శ్రీమతి వీరవేణి గారిని తాను రాజమండ్రిలో చీరల కొట్లో చూశానని బట్టల కొట్టు వారి ఆవిడ చెప్పారు. పచ్చటి మనిషి, ఒడ్డూ పొడుగూ అన్నారు. కాదు, సన్నగా ఉంటారు, ఢిల్లీలో పెరిగారట, తెలుగు ముద్దుముద్దుగా మాట్లాడతారు అని మందుల కొట్టు వారి ఆవిడ దిద్దారు. తనతో అరగంట మాట్లాడారని, మాటల్లో రెండు మూడు దేశాలు దొర్లాయని బంగారం కొట్టు వారు సెలవిచ్చారు. అంతమంది చూసిన మనిషి లేదంటే ఎలా? సత్యలక్ష్మికే ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది.

వంటకం కూడా ఇంటింటా ఎదిగింది. రమాదేవి గారింటికి చేరేసరికి మీగడ పులిసింది. ఆవిడ ఒక గరిటెడు గేదెకి పోసి, ఒక గరిటెడు పెరుగు చేర్చారు. చీటీ తడిసి ఇటలీ చెదిరిపోవడంతో, ఇది పుల్లటి పెరుగు వాడే రష్యా వంటకమని నిర్ధారణ అయింది. బట్టల కొట్టు వారు ఆ వాసనకి భయపడి చింతపండూ బెల్లమూ వేసి మరగబెట్టగా చైనాకి వెళ్ళింది. మందుల కొట్టు వారు ముందుజాగ్రత్తగా వామూ మిరియాలూ కలపగా జర్మనీ అయింది. ఎరువుల కొట్టు వారు ఆవపిండి కలిపి ఫ్రాన్సు అన్నారు. బంగారం కొట్టు వారు ఓ గుప్పెడు జీడిపప్పు వేసి ఇరాను అన్నారు. ఏడో ఇల్లైన ఇత్తడి కొట్టు వారు ఇంగువ తాలింపు పెట్టారు. తెలిసిన దేశాలన్నీ అప్పటికే అయిపోవడంతో, అట్లాసు తెరిచి, కళ్ళు మూసుకుని వేలు పెట్టి బొలీవియా అని తేల్చారు.

ఆఖరి ఇల్లైన అధ్యక్షురాలి గడప తొక్కేనాటికి అది ఏమైందో పాఠకులు ఊహించే ఉంటారు. బెండకాయ, చింతపండు, బెల్లం, ఆవపిండి, ఇంగువ తాలింపు. ఏడు దేశాలు చుట్టి వచ్చి అది మన ఆవపెట్టిన పులుసు అయి కూర్చుంది.

ఈలోగా వీరవేణి మూడుసార్లు వచ్చింది.

"అమ్మగారూ, మా గిన్నండి" అంది మొదటిసారి.

"తిరుగుతోంది" అంది సత్యలక్ష్మి.

"గిన్నె తిరగడమేంటండి?"

"అదొక సంఘంలే. నీకు చెప్పినా తెలియదు."

రెండోసారి వచ్చినప్పుడు, "ఇంకా తిరుగుతుందాండి? నేను ఇన్నేళ్ళొచ్చినా గోదారి దాటి ఎరగనండి, నా గిన్నె నాకంటే తిరిగేసిందండి" అని తనే నవ్వింది. మూడోసారి నవ్వలేదు. "రేపే పున్నమండి. పిల్లకి దాన్లోనే పెడతానని మా వియ్యపురాలితో అనేశానండి. పచ్చడి ఇయ్యాపోయినా పరవాలేదు, గిన్నె ఇప్పించండమ్మా" అంది. సత్యలక్ష్మి మొహం ఎటో తిప్పుకుని, "జగదాంబ గారింట్లో ఉంది, వెళ్ళి పెరటి వైపు నుంచి అడుగు. నేను చెప్పానని మాత్రం అనకు" అంది. ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. కాని సభకి టైమవుతోందని పట్టుచీర కట్టుకుంది.

ఆ మధ్యాహ్నం జగదాంబ గారి హాల్లో మలి విడత వంటకాలకి బహుమతి ప్రదాన సభ. బల్ల మీద స్టీలు గిన్నెకి బంతిపూల దండ వేశారు. పక్కన మొదటి బహుమతి, అయిదు గిన్నెల కొత్త స్టీలు కారేజీ. ఉయ్యాల బల్ల మీద జగదాంబ గారి అత్తగారు సంపూర్ణమ్మ గారు కూర్చున్నారు. ఎనభై ఏళ్ళ మనిషి, పళ్ళు లేవు, ఊళ్ళో మడీ ఆచారాలకి ఆవిడ మాటే శాస్త్రం.

జగదాంబ గారు ఉపన్యసించారు. "సోదరీమణులారా! వంటకానికి కులం లేదు. వంటకానికి మతం లేదు. గరిటె పట్టిన చేతులన్నీ ఒక్కటే! బొలీవియాలో ఒక తల్లి వండిన ముద్ద కొవ్వూరులో ఒక తల్లి తిన్నప్పుడు, ఈ భూగోళం ఒకే పంక్తి కాదా అని అడుగుతున్నాను!" అందరూ చప్పట్లు కొట్టారు. రమాదేవి గారు మినిట్సు చదివారు. ఏ వంటకానికి ఎన్ని విశేషణాలు వచ్చాయో లెక్క చూడగా, ఇంజనీరు గారి సతీమణి వంటకానికి అత్యధికంగా ముప్పై ఒకటి వచ్చాయి. "కావున మొదటి బహుమతి అందుకొనుటకు శ్రీమతి వీరవేణి గారిని వేదిక మీదికి సగౌరవంగా ఆహ్వానిస్తున్నాము."

"ఆయ్, వత్తన్నానండి!" అని పెరట్లోంచి కేక వినిపించింది.

అప్పటిదాకా పెరటి గుమ్మం బయట నిలబడి ఉన్న వీరవేణి, జన్మలో మొదటిసారి తన పేరు వెనక 'గారు' విని, చెప్పులు విప్పి, పైట సర్దుకుని లోపలికి వచ్చింది. చేతిలో పరమాన్నానికి కొన్న బెల్లం పొట్లం ఉంది. అందరికీ దండం పెట్టింది. "నేనేనండి వీరవేణి. ఇంత మర్యాద దేనికండి, గిన్నె ఇచ్చేత్తే ఎలిపోతాను" అంది.

రమాదేవి గారు మినిట్సులో ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నారు.

"గిన్నె... నీదా?" అన్నారు జగదాంబ గారు.

"నాదేనండి. పేరు చూడండి. దండేశారేంటండి దీనికి? మొన్న మొన్నటిదాకా దీన్లో ఇసుకదొందు చేపల పులుసు ఏసుకున్నామండి."

బంగారం కొట్టు వారు నోటికి పైట అడ్డం పెట్టుకున్నారు. బట్టల కొట్టు వారు గోడకి జారబడ్డారు. అప్పుడు ఉయ్యాల బల్ల మీంచి సంపూర్ణమ్మ గారి గొంతు లేచింది. "ఎవరెవరు తిన్నారర్రా? తిన్నవాళ్ళు లేవండి. తలారా స్నానం చేసి పంచగవ్యం పుచ్చుకోవాలి."

ఎవరూ లేవలేదు. "అయితే తినలేదా?" అన్నారావిడ. రమాదేవి గారు మినిట్సు పుస్తకం వంక చూశారు. అందులో ముప్పై ఒక్క విశేషణాలు సంతకాలతో సహా ఉన్నాయి. తిన్నామంటే గోమూత్రం, తినలేదంటే సంఘం మొత్తం అబద్ధం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వీరవేణికి మాత్రం ఇదేమీ అర్థం కాక, పాపం ఎవరికో ఒంట్లో బాగోలేదనుకుంది.

అధ్యక్ష పదవి ఊరికే రాదు. జగదాంబ గారు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని, తెరిచి, అక్కడికక్కడే తీర్మానం చెప్పారు. "సభ్యులు సదరు వంటకమును మనసారా ఆస్వాదించిరే గాని, నోటితో కాదు." రమాదేవి గారు అది రాసుకున్నారు. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. హాలంతా ఊపిరి పీల్చుకుంది.

"నేను తిన్నాను" అన్నారు సంపూర్ణమ్మ గారు.

అందరూ అటు తిరిగారు.

"నిన్న రెండు పూటలా అన్నంలో కలుపుకున్నాను. మా అమ్మ పోయాక అంత మంచి ఆవపెట్టిన పులుసు తినలేదర్రా. ఇంకా ఉంటే కాస్త పెట్టండి."

"అత్తయ్యగారూ! మరి పంచగవ్యం?"

"రేపు పున్నమి. గోదాట్లో ఒక మునకేస్తే పోతుందిలే" అని ఆవిడ ఆగి, బోసినోటితో నవ్వారు. "ఆ దొందులు ఉండేదీ ఆ గోదాట్లోనేగా!"

పెద్దావిడకి మతి తప్పిందని సభ నిర్ణయించింది. ఇక మిగిలింది గిన్నె. పులుసు వేరే పాత్రలోకి వంచి, గిన్నె కడిగి ఇచ్చేయాలన్నారు. అప్పుడు రమాదేవి గారు మొదటి నియమం గుర్తు చేశారు. ఏ గిన్నే ఖాళీగా తిరగరాదు. కాని ఏదైనా వేసి ఇస్తే మార్పిడి జరిగినట్టే, జరిగితే వీరవేణి సభ్యురాలు అయినట్టే, అయితే రేపు ఆమె ఇంటి నుంచి కూడా గిన్నె వస్తుంది. అందులో ఏముంటుందో తలుచుకుని సభ్యులు వణికారు. ఈ ఒక్క సందర్భానికి మొదటి నియమాన్ని సడలించడమైనది. గిన్నె చేతికి తగలకుండా గడప మీద పెట్టారు.

వీరవేణి వంగి గిన్నె తీసుకుంది. ముందు అంచు కింద వేలు పెట్టి తడిమింది. నాలుగక్షరాలూ ఉన్నాయి. ఆమె మొహం విప్పారింది. తరువాత లోపలికి చూసి నొచ్చుకుంది.

"అదేంటండి, కాళీగా ఇచ్చేశారు? ఇచ్చినోళ్ళ ఇంటికి మంచిది కాదండి. పిల్లలు గలోళ్ళు, పెద్దావిడ ఉన్న ఇల్లు." కంగారులో మరిచిపోయారనుకుంది. పొట్లం విప్పి, మనవరాలి పరమాన్నానికి కొన్న బెల్లంలోంచి ఒక ముక్క తుంచి గిన్నెలో వేసుకుంది. "ఇదిగోండి, మీరే పెట్టారనుకుంటాను. మీకు ఏ దోసం అంటదు. ఉంటానండి" అని దండం పెట్టి వెళ్ళిపోయింది.

సత్యలక్ష్మి తల దించుకుని ఏడ్చింది. ఒక్క ఉదుటున ఇంటికి పరుగెత్తి, జాడీలోంచి పాత చింతకాయ పచ్చడి తీసింది. వీరవేణి వెనకాలే పట్టుకెళ్ళి ఇద్దామని చూస్తే, ఇంట్లో గిన్నె లేదు.

స్టీలు కారేజీ నేటికీ అధ్యక్షురాలి బీరువాలోనే ఉంది. అసలైన ఇంజనీరు గారి భార్య ఎప్పుడు వస్తే అప్పుడు ఇస్తారు. ఇంజనీరు గారికి ఇంకా పెళ్ళి కాలేదని తరువాత తెలిసింది గాని, మినిట్సు దిద్దలేదు. ఆనాటి మినిట్సులో ఆఖరి వాక్యం ఇది: 'సంఘము వారు గిన్నెలో బెల్లము ఉంచి, వీరవేణిని సాదరముగా సాగనంపిరి.'

ఆ ఎనిమిది ఇళ్ళనీ చూసి నవ్వుకుంటున్న పాఠకమహాశయులకు ఒక మనవి. నవ్వడం అయ్యాక ఒకసారి లేచి మీ వంటింట్లోకి వెళ్ళండి. పప్పుల డబ్బాల వెనకాల ఒక స్టీలు గిన్నె ఉంటుంది. అంచు కింద పేరు చదవండి. ఆ పేరు గలవాళ్ళు మీ ఇంట్లో ఎవరూ లేరు కదూ? ఆవిడ పెరటి గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు అడిగిందో గుర్తు తెచ్చుకోండి. తిరుగుతోందనే చెప్పి ఉంటారు మీరు కూడా.